బోరు కడ కరెంటు పెట్టె: అప్పు పత్రములో లేని పంక్తి

మృగశిర కార్తెకు ముందుగా మన సంఘమున ఏటేట జరుగు పనులు సభ్యులకు తెలిసినవే. విత్తనములు తెప్పింతుము, ఎరువుల నిల్వ చూచుకొందుము, పంట అప్పుల పత్రములు సిద్ధము చేయుదుము. ఈ పనుల జాబితాలో ఇంతవరకు చేరని యొక పనినిగూర్చి ఈ నెల వ్రాయ నెంచితిమి. ఇది బోరు కడనుండు కరెంటు పెట్టెనుగూర్చిన మాట. దీనిని కొన్ని తావుల స్టార్టరు డబ్బా అందురు, కొన్ని తావుల బోర్డు అందురు. పేరేదైనను ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చిన తీగలు మోటారుకు పోవుటకు ముందు చేరు పెట్టె అదియే.

గత వానకాలమున మన సంఘ సభ్యు డొకడు ఈ పెట్టె కడ ప్రాణములు గోల్పోయెను. ఆయన పేరు ఇచ్చట వ్రాయుట ఆ కుటుంబమునకు ఇష్టము కాదు గనుక వ్రాయము. రాత్రి యంతయు వాన కురిసి తెల్లవారుజామున నిలిచినది. నారుమడికి నీరు చాలలేదేమో యని ఆయన చెప్పులు గట్టున విడిచి, బురదలో నడిచి పోయి, పెట్టె తలుపు తీయుటకు చేయి వేసెను. అంతే. తరువాత చూచినవారు చెప్పిన దేమనగా, పెట్టె అడుగున తీగ దూరు రంధ్రముయొక్క రేకు అంచు ఒరసి ఒరసి, ఎఱ్ఱ తీగమీది తొడుగు చిరిగి, రాగి రేకును తాకుచుండెనట. ఆ రేకు పెట్టెకు భూమితో సంబంధము కలిపెడి ఎర్తు తీగ లేదు. మోటారు మాత్రము నేటికిని చక్కగా నడుచుచున్నది.

కొన్ని వారముల పిమ్మట ఆయన భార్య అప్పు సంగతి మాటలాడుటకు సంఘ కార్యాలయమునకు వచ్చెను. పత్రములు తీసి చూచితిమి. మోటారు ఇంత, పైపులు ఇంత, కేబులు ఇంత, స్టార్టరు ఇంత, బండి బాడుగ ఇంత అని పంక్తి వెంబడి పంక్తి వ్రాయబడి యున్నది. ఎర్తు అను పంక్తి ఎచ్చటను లేదు. ఆమె అడిగిన దొక్కటే మాట: "అయ్యా, ఆ డబ్బాకు భూమిలోకి తీగ వెయ్యాలని మాకు ఎవరు చెప్పారు?" ఆ పత్రముమీద సంతకములు చేసినవారము మేమే. మాకు బదులు దొరకలేదు. ఈ వ్యాసము ఆ ప్రశ్నకు ఆలస్యముగా ఇచ్చు సమాధానము.

ఇది మన గ్రామమునకు మాత్రమే పట్టిన కీడు కాదు. జాతీయ నేర రికార్డుల సంస్థ ప్రకటించు లెక్కలలో విద్యుదాఘాతముచే మన దేశమున మరణించువారి సంఖ్య ఇటీవలి సంవత్సరములలో ఏటా పదివేలకు మించి యున్నది. ఈ మరణము లన్నియు పొలములలోనివి కావు. ఐనను బోరు మోటార్లు లక్షల కొలదిగా నున్న తెలుగు రాష్ట్రములలో పొలము గట్టున జరుగు మరణము లెట్టివో వార్తాపత్రికలు చదువు ప్రతివారికిని తెలియును. ఆ వార్తలలో తఱచుగా కనబడు మాటలు మూడే: తడి నేల, ఇనుప పెట్టె, వట్టి కాళ్లు.

ఏ పొలమున కేగినను కనబడు పెట్టె యెట్టిదో ఒకసారి తలచుకొందము. రెండు కఱ్ఱలు పాతి వానిమీద మేకులతో బిగించినది, లేదా వేపచెట్టు మొదటికి కట్టినది. తలుపు ఊడిపోగా దానికి బదులు యూరియా సంచి వ్రేలాడుచుండును. లోపల మూడు ఫ్యూజులలో రెంటికి పింగాణి మూతలు లేవు. ఉన్నదానిలో ఫ్యూజు తీగకు బదులు సర్వీసు వైరునుండి పెరికిన అల్యూమినియము పోగులు నాలుగు మెలిపెట్టి యున్నవి. పైనుండి తీగ దిగుచున్నది గనుక వాన నీరు దానివెంట నేరుగా లోనికి జారును. రంధ్రములు మూయబడలేదు గనుక కందిరీగలు గూడు పెట్టినవి; బల్లులు కాపురము చేయుచున్నవి; ఒక్కొకప్పుడు పామును చేరును. ఈ పెట్టెను రోజునకు రెండు మారులైనను తాకక మనకు గడవదు. ఇట్టి దానిని తాకుట కొరివితో తల గోకుకొనుట కాక మఱేమి?

పెట్టెలోని భాగములు దేనికై యున్నవో తెలిసిన యెడల వానిని తీసివేయు సాహసము ఎవరికిని కలుగదు. కావున ముందుగా ఆ సంగతి చెప్పెదము.

ఫ్యూజు తీగ తీగలను కాపాడుట కున్నది, మనిషిని కాపాడుట కున్నది కాదు. 5 అశ్వశక్తుల మూడు ఫేజుల మోటారు నిండు బరువుతో నడుచునపుడు తీసికొను కరెంటు సుమారు 7½ ఆంపియర్లు. నేరుగా స్టార్టు చేసినపుడు క్షణకాలము దీనికి ఆరు రెట్ల వరకును లాగును. అందుకు తగిన ఫ్యూజు తీగ యేదియో తీగ అమ్మువారి చీటీమీద వ్రాయబడి యుండును. ఆ లావు తీగనే వేసినయెడల మోటారు బిగిసినపుడో, రెండు తీగలు కలిసినపుడో అది కరగి తెగిపోవును. కేబులును మోటారును నిలుచును. నాలుగు పోగులు మెలిపెట్టి వేసినవాడు ఫ్యూజు తెగకుండ చేసినా ననుకొనును. కాని తెగవలసిన చోట తెగనిది మఱొకచోట తెగును. పెట్టెలో గాని, కేబులులో గాని, ట్రాన్స్‌ఫార్మరులో గాని నిప్పు పుట్టును. ట్రాన్స్‌ఫార్మరు కాలిన యెడల ఆ రైతు ఒక్కనికే కాదు, దానికింద నున్న వారందరికిని మడులు ఎండును.

మనిషి మాట వేరు. మనిషి దేహములో 30 మిల్లీ ఆంపియర్ల కరెంటు, అనగా ఒక ఆంపియరును వేయి భాగములు చేయగా అందులో ముప్పది భాగములు, కొలది క్షణములు నిలిచి ప్రవహించినచో గుండె లయ తప్పు ప్రమాద మున్నది. అంతకంటె తక్కువ కరెంటుకే చేతి కండరములు బిగిసి, పట్టుకొన్నది విడువలేకపోవును. తడిసిన చేతులు, తడిసిన కాళ్లు గల మనిషి దేహము సుమారు వేయి ఓముల అడ్డము మాత్రమే యిచ్చునని లెక్కకు తీసికొందము. ఒక ఫేజునకును భూమికిని నడుమ సుమారు 240 వోల్టు లుండును. అప్పుడు దేహములో ప్రవహించునది 240 మిల్లీ ఆంపియర్లు. ప్రాణము తీయుటకు చాలిన దానికి ఎనిమిది రెట్లు. ఇదే కరెంటు 15 ఆంపియర్ల ఫ్యూజునకు లెక్కలోనిది కాదు. మనిషి పోవును, ఫ్యూజు నిలుచును. కావున ఫ్యూజు బాగుగా నున్నది గనుక మనకు భయము లేదని ఎవరును అనుకొనరాదు. ఫ్యూజునకు బదులుగా ఇప్పుడు వచ్చుచున్న ఎం.సి.బి. అను మీట విషయమునను ఇదే మాట.

ఇక ఎర్తు. ఇనుప పెట్టెకును, మోటారు దేహమునకును లోపల ఎచ్చటనో ఫేజు తీగ తగిలినపుడు, ఆ కరెంటు మన దేహము మీదుగా పోక సుళువైన దారిన భూమిలోనికి పోవుటకై వేయు బాటయే ఎర్తు. మూడు ఫేజుల మోటారు దేహమునకును, దానిని నడుపు పరికరములకును వేర్వేరుగా రెండు ఎర్తు సంబంధము లుండవలెనని 1956 నాటి భారత విద్యుత్ నియమములలోనే యున్నది. ఆ తరువాత 2010లోను, 2023లోను కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ వెలువరించిన రక్షణ నిబంధనలు ఈ కట్టుబాటును విడువలేదు. ఒకటి తెగినను రెండవది నిలుచునని దీని భావము. మనలో ఒకటైన గలవారెందరు?

ఎర్తు ఉన్నను మఱొక చిక్కు గలదు. దీనిని మన పెద్దలలోను పలువురు ఎఱుగరు గనుక కొంచెము విప్పి చెప్పవలసి యున్నది. భూమి అన్ని చోట్ల ఒక తీరున కరెంటును తీసికొనదు. తేమ పట్టు నల్లరేగడి సుళువుగా తీసికొనును. ఎఱ్ఱ చలక, ఇసుక దుబ్బ, రాతి నేల అంత సుళువుగా తీసికొనవు. మన పెట్టె ఎర్తు 20 ఓములును, ట్రాన్స్‌ఫార్మరు ఎర్తు 5 ఓములును అడ్డము గలవై యున్నవనుకొందము. పెట్టెకు ఫేజు తగిలినపుడు భూమిలోనికి పోవు కరెంటు 240ని 25చే భాగింపగా 9½ ఆంపియర్ల చిల్లర. 15 ఆంపియర్ల ఫ్యూజు దీనికి తెగదు. పెట్టెమీద 190 వోల్టులకు పైగా నిలిచియే యుండును. ఎర్తు ఉన్నదను ధైర్యముతో తాకినవానికి అదియే మృత్యువు. రాతి నేలల సభ్యులు ఈ లెక్కను రెండు మారులు చదువుకొందురు గాక.

దీనికి విరుగుడు భూమిలోనికి కారెడు కరెంటును కనిపెట్టి లైను తెంచు పరికరము. దీనిని ఇ.ఎల్.సి.బి. అని గాని, ఆర్.సి.సి.బి. అని గాని అంగళ్లలో అడుగవలెను. ఇది మన సంఘ గుమాస్తా వంటిది. వెళ్లిన సొమ్మును, తిరిగి వచ్చిన సొమ్మును సరిచూచి, అణా తేడా వచ్చినను పుస్తకము మూయును. మోటారునకు పోయిన కరెంటంతయు తీగలవెంటనే తిరిగి వచ్చుచున్నంతవరకు అది ఊరకుండును. కొంత పెట్టె మీదుగానో మనిషి మీదుగానో భూమిలోనికి జారినచో రెప్పపాటులో లైను తెంచును. మనిషి నేరుగా తీగను తాకినపుడును కాపాడవలెనన్న 30 మిల్లీ ఆంపియర్లకు తెగునది కావలెను. పొడవైన కేబులుతో లోతున మునిగియుండు బోరు మోటార్లలో కొంచెము కారుట సహజము గనుక అచ్చట 100 మిల్లీ ఆంపియర్ల దానిని పెట్టుదురు. అది ఎర్తుతో కలిసి పనిచేసి, పెట్టె దేహమునకు ఫేజు తగిలిన వెంటనే తెంచును. దానిమీద పరీక్ష బొత్తా మొకటి యుండును. నెలకొక మారు నొక్కినపుడు లైను తెగవలెను. తెగనిచో ఆ పరికరము చెడినదని అర్థము.

ఒక విచిత్రము చూడుడు. మూడింట ఒక ఫేజు పోయినపుడు మోటారు కాలకుండ కాపాడు పరికరమును మనలో చాలమంది కొనియున్నారు. బరువు హెచ్చినపుడు మోటారును ఆపు రిలే స్టార్టరులోనే యున్నది. మోటారును కాపాడు వానికి డబ్బు పెట్టితిమి. మనిషిని కాపాడు దానికి మాత్రము పెట్టలేదు. మోటారు కాలినచో మఱల చుట్టించుకొనవచ్చును.

ఇక పెట్టెను అమర్చు విధము. ఈ పనిని రైతు స్వయముగా చేయవలెనని మేము చెప్పుట లేదు, చేయరాదనియే చెప్పుచున్నాము. రాష్ట్ర లైసెన్సింగు బోర్డువారి పర్మిటు గల వైర్‌మన్ చేతనే చేయింపవలెను. కాని చేయించువానికి పని తెలిసియుండనిచో చేయువాడు తన యిష్టము వచ్చినట్లు చేసి పోవును. కావున దగ్గర నిలిచి చూచుకొనవలసిన సంగతులను చెప్పెదము.

పెట్టెను నీరు నిలువని మెఱకమీద, సిమెంటు స్తంభమునకు గాని రాతి కంబమునకు గాని ఇటుక గోడకు గాని బిగింపవలెను. చెట్టుకు కట్టరాదు, కఱ్ఱలమీద నిలుపరాదు. నేలనుండి నాలుగున్నర, ఐదు అడుగుల యెత్తున నున్నచో పెద్దలకు అందును, చిన్నపిల్లలకు అందదు. పైన వాన జల్లు పడకుండ చిన్న కప్పు, తలుపునకు తాళము ఉండవలెను. నిలుచు చోట రాతి పలకలు పరచి, వానిమీద రబ్బరు చాపయో ఎండిన చెక్కయో వేయవలెను. ఇనుప పెట్టెకు బదులు ఫైబరు పెట్టెలును దొరకుచున్నవి. త్రుప్పు పట్టవు, వానిమీదికి కరెంటు ఎక్కదు. క్రొత్తగా కొనువారికి అవియే మేలని మా యభిప్రాయము. ఐనను లోపలి స్టార్టరు ఇనుముదే గనుక దానికి ఎర్తు తప్పదు.

తీగలు పెట్టె అడుగునుండియే లోనికి పోవలెను. పైనుండి దిగు తీగను పెట్టెకంటె క్రిందికి ఒక వంపు తిప్పి మఱల పైకి తెచ్చినచో వాన నీరు ఆ వంపుననే కారిపోవును. ప్రతి రంధ్రమునకును రేకు అంచు తగులకుండ గ్లాండు బిగింపవలెను. మన సభ్యుని ప్రాణము నిలుపగలిగిన వస్తువు అదియే. దాని వెల ఒక పూట కాఫీ ఖర్చునకు మించదు. వాడని రంధ్రముల నన్నిటిని మూసివేయవలెను.

లోపలి వరుస ఇది: సర్వీసు తీగ ముందుగా మెయిన్ స్విచ్చికి, దానినుండి ఫ్యూజులకో ఎం.సి.బి.కో, అచ్చటనుండి ఇ.ఎల్.సి.బి.కి, తరువాత స్టార్టరుకు, కడపట మోటారునకు. మెయిను దించినచో దానికి తరువాతి దేనిలోను కరెంటు మిగులరాదు. మూడు ఫేజులకు ఎఱుపు, పసుపు, నీలము, న్యూట్రలునకు నలుపు, ఎర్తునకు ఆకుపచ్చ. ఈ రంగులను మార్చినయెడల రేపు బాగుచేయ వచ్చువానికి ఉరి వేసినట్లే. న్యూట్రలునకు ఫ్యూజు వేయరాదు. షెడ్డులో దీపమునకు న్యూట్రలు లేదని ఒక తీగను ఫేజునకును, రెండవదానిని భూమిలో పాతిన ఇనుప చువ్వకును కలుపు అలవాటు కొన్ని యూళ్ల గలదు. దీపము వెలుగును, కాని ఆ చువ్వ చుట్టును భూమియే కరెంటు పట్టును. అచ్చట కాలుమోపిన గొడ్డును గోదయు కూలిన యుదాహరణములు కలవు. ఇంతకంటె చీకటియే మేలు.

సర్వీసు తీగ అల్యూమినియము, మోటారు కేబులు రాగి. ఈ రెంటిని చేతితో మెలిపెట్టి కలిపినయెడల తేమకు కలయిక చెడి, వేడెక్కి, తొడుగు కరగును. రెంటికిని పనికివచ్చు లగ్గులు పెట్టి మరలతో బిగింపవలెను. పోగు లన్నియు టెర్మినలులో దూరవలెను. ఒకటి రెండు పోగులు బయట నిలిచినచో అవియే రేకును తాకును. పెట్టెనుండి బోరునకు పోవు కేబులును గడ్డిలో పడవేయక, గొట్టములో దూర్చి రెండున్నర అడుగుల లోతున పాతి, పైన ఇసుకయు ఇటుకలును పరచినచో నాగలికిని ఎలుకకును అందదు.

ఎర్తు గొయ్యికి సుమారు 40 మిల్లీమీటర్ల లావు, రెండున్నర మీటర్ల పొడవు గల గాల్వనైజు గొట్టము కావలెను. దానిని నిలువున పాతి, చుట్టును బొగ్గును ఉప్పును పొరలు పొరలుగా నింపి, పైన నీరు పోయుటకు గరాటు అమర్చి, చిన్న తొట్టి కట్టవలెను. రెండు గోతుల నడుమ ఐదు మీటర్లైన నెడ ముండవలెను. పెట్టెనుండి గొట్టమువరకు వచ్చు 8వ నంబరు గాల్వనైజు తీగ మధ్యలో అతుకు లేక యొకటిగా రావలెను. దానిని గుడ్డపేలికతో కట్టక బోల్టుతో బిగింపవలెను. వేసవిలో వారమున కొకసారి రెండు కడవల నీరు పోయుట మరువరాదు. ఇల్లలుకగానే పండుగ కానట్లు, గొట్టము పాతగానే ఎర్తు కాదు. వైర్‌మన్ చేత కొలిపించి, వచ్చిన ఓములను పెట్టె తలుపు లోపల వ్రాయించుకొనవలెను.

ట్రాన్స్‌ఫార్మరు కడనుండు పెట్టెనుగూర్చి ఒక్క మాట. అది మనది కాదు, విద్యుత్ సంస్థది. అచ్చట ఫ్యూజు పోయినపుడు లైన్‌మన్ రాక ఆలస్యమగుననియు, అంతలో తడి ఆరిపోవుననియు రైతులే స్తంభముమీది ఏ.బి. స్విచ్చి దించి ఫ్యూజు వేయుట మనకు వాడుకయైనది. ఆ స్విచ్చియొక్క మూడు కత్తులలో ఒకటి త్రుప్పుపట్టి తెరచుకొనకపోవచ్చును; క్రిందనుండి చూచువానికి అది తెలియదు. దానికి పైనున్నది 11,000 వోల్టులు. టెస్టరు వెలుగలేదని గాని, వ్రేలి వెనుకవైపుతో తాకి చూచితినని గాని ధైర్యపడుట వివేకము కాదు. 1912 నంబరునకు ఫోను చేసి ఫిర్యాదు వ్రాయించుటయే మన పని. లైన్‌మన్ల కొఱత నిజమే; ఆ కొఱతను మన ప్రాణములతో పూడ్చుట మన విధి కాదు. సంఘము పక్షమున విద్యుత్ సంస్థవారికి మహజరు పంపుట మన విధి. దానిని మేము పంపగలము.

తానంతట తాను మోటారును నడుపు ఆటో స్టార్టరునుగూర్చియు హెచ్చరింపవలసి యున్నది. వంతులవారీగా రాత్రివేళ కరెంటు వచ్చిన దినములలో అది సౌకర్యమే. 2018 జనవరి 1వ తేదీనుండి తెలంగాణమున వ్యవసాయమునకు 24 గంటల సరఫరా ఆరంభించుటకు ముందు వానిని తీసివేయుడని ప్రభుత్వమువారు ప్రచారము చేసిరి. నీటినిగూర్చిన చింతయే అందుకు ముఖ్య కారణము. మేము చెప్పునది ప్రాణమునుగూర్చి. కరెంటు లేదని పెట్టెలో చేయి పెట్టినవానికి అది చెప్పక వచ్చును, మోటారు చెప్పక తిరుగును. మెయిను దించి, తాళము వేసి, తాళపు చెవి జేబులో నుంచుకొన్న పిదపనే ఎవరైనను పెట్టెలో చేయి పెట్టవలెను.

ఇంత చెప్పగా సభ్యులలో కొందరు చెప్పు ఆక్షేపణలు మేమెఱుగుదుము. ఇరువది యేండ్లనుండి ఇట్లే నడుపుచున్నాము, ఏమియు కాలేదందురు. మన సభ్యుడును ఆ మాటయే అనుచుండెడివాడు. ఖర్చు ఎక్కడినుండి తెత్తుమందురు. ఇది న్యాయమైన ప్రశ్న. బోరు వేయించి నీరు పడక, మఱల వేయించి అప్పులపాలైన రైతునకు రెండు గొట్టములు, రెండు బస్తాల బొగ్గు, ఒక ఇ.ఎల్.సి.బి. అదనపు బరువే. కరెంటు ఉచితము గనుక మీకేమి యని పట్టణములవారు మనలను అనుట కద్దు. 2004లో వ్యవసాయమునకు ఉచిత విద్యుత్తు వచ్చినమాట నిజము. ఉచితముగా వచ్చినది కరెంటు గాని, దానినుండి కాపాడు పరికరములు కావు. కావుననే ఇది ఒక్కొక్క రైతు తనంత తాను తీర్చుకొనవలసిన పని కాక సంఘము పూనుకొనవలసిన పని యని మేము నొక్కి చెప్పుచున్నాము.

సహకార సంఘములకు కరెంటుతో సంబంధ మేమని అడుగువారికి సిరిసిల్లను చూపవలెను. 1970 నాటినుండియు అచ్చట రైతులును నేతగాండ్రును సభ్యులుగా గల సహకార విద్యుత్ సరఫరా సంఘము ఊరూరికి కరెంటును పంచుచున్నది. ఒక తాలూకాకు కరెంటు పంచుట సహకారముచే సాధ్యమైనపుడు, ఒక గ్రామ సంఘమునకు తన సభ్యుల పెట్టెలు చూచుకొనుట అసాధ్యము కాజాలదు.

మేము పాలకవర్గము ముందును, సర్వసభ్య సమావేశము ముందును పెట్టదలచిన ప్రతిపాదనలు నాలుగు.

మొదటిది: బోరునకు గాని మోటారునకు గాని ఇచ్చు ప్రతి అప్పు పత్రములోను పెట్టె, రెండు ఎర్తులు, ఇ.ఎల్.సి.బి. అను మూడు పంక్తులు అచ్చు వేయవలెను. వాని వెల అప్పులోనే చేరవలెను. ఇవి అమర్చి, కొలిచి, వైర్‌మన్ సంతకము చేసిన పిదపనే కడపటి వాయిదా సొమ్ము ఇయ్యవలెను. దీనివలన అప్పు ఆలస్యమగునని కొందరందురు. రెండు దినములు ఆలస్యమగుట నిజమే. ఆ రెండు దినములను మేము ఒప్పుకొందుము.

రెండవది: గొట్టములు, గ్లాండులు, లగ్గులు, ఫ్యూజు తీగ, ఇ.ఎల్.సి.బి.లు ఎరువులవలెనే సంఘము టోకున తెప్పించి, ఐ.ఎస్.ఐ. గుర్తు గలవానిని మాత్రమే సభ్యులకు కొన్న ధరకు ఇయ్యవలెను. తగిన ఫ్యూజు తీగ చుట్ట ఇంటనున్నచో సర్వీసు వైరు పోగులు పెరుకు అవసరమే కలుగదు.

మూడవది: పర్మిటు గల వైర్‌మన్ నొకనిని సంఘము ఏటేట రోహిణి కార్తెలో కుదుర్చుకొని, ప్రతి సభ్యుని పెట్టెను చూపింపవలెను. చూచినదానిని సంఘ పుస్తకమున వ్రాయవలెను. వానల ముందు పెంకులు సర్దుకొనుట మనకు తెలియును; పెట్టె సర్దుకొనుటయు అట్టిదే.

నాలుగవది: పాత అప్పులవారి విషయము. వారి పత్రములలో ఆ పంక్తి లేకపోవుట వారి తప్పు కాదు, మనది. కావున ఈ పనికై వారికి చిన్న అప్పు విడిగా ఇచ్చి, దానిమీద వడ్డీ తీసికొనక, సంఘముయొక్క లాభమునుండి భరింపవలెనని మా కోరిక. దీనికి సభ్యులలో అభిప్రాయ భేద ముండవచ్చును. సమావేశమున మాటలాడుకొందము.

ఇంటిలో ఆడవారికిని పిల్లలకును కూడ చెప్పవలసిన దొకటి గలదు. ఎవరైన కరెంటు పట్టుకొని పడియున్నచో ఏడ్చుచు పోయి వారిని పట్టుకొనరాదు. ఒకని వెంట ఇద్దరు పోవుట ఇందువలననే. ముందు మెయిను దింపవలెను. దింపలేనిచో ఎండిన కఱ్ఱతో, ఎండినచోట నిలిచి, తీగను త్రోయవలెను. విడివడిన పిదప ఊపిరి లేనిచో వెల్లకిల పరుండబెట్టి, రొమ్ము నడుమ రెండు అరచేతులు ఒకదానిమీద నొకటి యుంచి, నిమిషమునకు 100 మొదలు 120 మారులు గట్టిగా నొక్కుచు, 108కి ఫోను చేయింపవలెను. బండి వచ్చువరకు ఆపరాదు. దేహమును మట్టిలో పూడ్చుటవలన ప్రయోజనము లేదు. విలువైన నిమిషములు పోవును.

చేతులు కాలిన పిదప ఆకులు పట్టుకొని యేమి లాభమని మన పెద్దలు చెప్పుదురు. ఒక చేయి కాలినది. మిగిలిన చేతులు మన సభ్యులవి. రాబోవు సమావేశమునకు ప్రతి సభ్యుడును వచ్చుటకు ముందు తన పెట్టె కడకు పోయి, చేయి వేయక, దూరమునుండియే మూడు సంగతులు చూచి రావలెనని వేడుచున్నాము: దానికి ఎర్తు తీగ కలదా, తీగ దూరుచోట గ్లాండు కలదా, ఫ్యూజులో ఉన్నది ఫ్యూజు తీగయేనా. చూచినదానిని సభలో చెప్పుడు. ఆమె అడిగిన ప్రశ్నను మఱొక యిల్లాలు మన కార్యాలయమునకు వచ్చి అడుగకుండుటకు మనమందరము చేయగలిగిన మొదటి పని అదియే.